గోడవైపు తిరిగిన కుర్చీ

సౌదీలో, ధహ్రాన్ కాంపౌండులో ఆ ఇంటికి సదానందం మొదటిసారి వెళ్ళింది తలుపు బాగుచేయడానికి. తలుపు పని చిటికెలో తేలిపోయింది గానీ, హాల్లో ఉన్న ఒక కుర్చీ అతని మనసును పట్టుకుని వదల్లేదు. ఎత్తైన వీపు, చేతుల మీద పాత బంగారు పూత, కూర్చునేచోట వెలిసిన ఎర్ర మఖ్మలు. అంత మంచి కుర్చీని ఎవరో గోడవైపు తిప్పి పెట్టారు, బడిలో తప్పు చేసిన పిల్లవాణ్ణి నిలబెట్టినట్టు. వడ్లవాళ్ళ ఇంట్లో పుట్టినవాడు అలాంటిది చూసి ఊరుకుంటాడా? పోతూ పోతూ దాన్ని రెండు చేతులా ఎత్తి హాల్లోకి ముఖం పెట్టి, భుజం మీది తువ్వాలతో దుమ్ము దులిపి మరీ వెళ్ళాడు.

తర్వాత కిటికీ పనికి వెళ్తే కుర్చీ మళ్ళీ గోడవైపే ఉంది. మళ్ళీ తిప్పాడు. మూడోసారి తిప్పబోతుంటే వెనకనుంచి చేతికర్ర నేలమీద టక్కుమంది. తెల్లటి జుట్టు, నల్లటి గౌను, ఎనభై ఏళ్ళ వయసులోనూ వంగని నడుము. ఆ ముసలావిడ కోప్పడుతోందో నవ్వుతోందో సదానందానికి అంతుపట్టలేదు. ఆవిడ కర్ర ఎత్తి గోడను చూపించింది. అతను కుర్చీని గోడకు తిప్పి, సంచీ తీసుకుని బయటపడ్డాడు.

బయట దిలావర్ కారు తుడుస్తున్నాడు. కడపవాడు, ఆ ఇంటి డ్రైవరు. ఉర్దూ, తెలుగు, అవసరానికి సరిపడా ఇంగ్లీషు, అవసరానికి మించిన కబుర్లు అతని దగ్గర ఎప్పుడూ ఉంటాయి.

"దిలావర్ భాయ్, గా కుర్చీకేమన్న దిష్టి తగుల్తదా? గోడకేసి పెట్టిండ్రు," అన్నాడు సదానందం.

"అది కూర్చునే కుర్చీ కాదప్పా. పోప్ కుర్చీ అది."

"గాయినెవరు? ఇంజనీరు సారు దోస్తా?"

దిలావర్ నవ్వీ నవ్వీ కారుకు ఆనుకున్నాడు. తర్వాత నింపాదిగా చెప్పాడు. ఈ ఇంట్లో ఉండేది ఇటలీ ఇంజనీరు, ఆయన తల్లి డోన్నా ఓర్తెన్సియా. ఆవిడ పుట్టింది రోములో మోంటెఫాల్వో వంశంలో. మూడున్నర వందల ఏళ్ళ కిందట ఆ వంశంలో ఒకాయన పోప్ అయ్యాడు, అంటే వాళ్ళ మతానికంతటికీ పెద్ద గురువు. ఆయన తన అన్న కొడుకులకు జాగీర్లిచ్చాడు, బంగళా కట్టించాడు. అప్పటినుంచీ ఏ పోప్ అయినా ఎప్పుడైనా ఆ బంగళాకు రావచ్చని ఒక గదిలో ఆయన కోసం కుర్చీ వేసి ఉంచారు. ఆయన లేనప్పుడు ఇంకెవరూ పొరపాటున కూడా కూర్చోకూడదని దాన్ని గోడకు తిప్పి పెట్టారు.

"మరి గాయిన అచ్చిండా?"

"ఎప్పుడో రెండువందల ఏండ్ల నాడు ఒకాయన వచ్చి కాసేపు కూర్చున్యాడంట. ఆ తర్వాత ఎవురూ రాలా. వీళ్ళు ఎదురుచూస్తానే ఉండారు."

కథ అంతటితో అయిపోలేదు. ముసలావిడ తాతల కాలంలో ఇటలీ రాజు సైన్యంతో వచ్చి, అప్పటిదాకా పోప్ ఏలిన రోము నగరాన్ని లాక్కున్నాడు. పోప్ తన కోటలోంచి బయటికి రానని భీష్మించుకున్నాడు. ఆయన పక్షాన నిలబడ్డ వంశాలవాళ్ళు దుఃఖం పాటిస్తూ తమ బంగళాల సింహద్వారాలు మూసేశారు. ఒకరోజో రెండురోజులో కాదు, దాదాపు అరవై ఏళ్ళు. రాజుకూ పోప్‌కూ రాజీ కుదిరి ఆ తలుపు తెరిచేనాటికి ఓర్తెన్సియా పెళ్ళీడు పిల్ల. అప్పటిదాకా గుర్రాలసాల పక్కనున్న చిన్న తలుపులోంచే తిరిగిందట. తర్వాత కాలంలో ఆస్తులు కరిగాయి, బంగళా అమ్ముడుపోయింది, కొడుకు ఉద్యోగం వెతుక్కుంటూ ఈ ఎడారికి వచ్చాడు. తల్లి వెంట వచ్చింది. ఆవిడ వెంట కుర్చీ ఓడలో వచ్చింది.

ఇదంతా వింటుంటే సదానందానికి తన ఊరు గుర్తొచ్చింది. కోరుట్ల దగ్గర అతని ఊళ్ళోనూ ఒక గడి ఉండేది, అందులో దొర ఉండేవాడు. దొరల ఇళ్ళలో కుర్చీల సంగతి అతనికి ఎవరూ చెప్పక్కరలేదు. కానీ రాని మనిషి కోసం కుర్చీ వేసి ఎదురుచూసే దొరసానిని మాత్రం ఎక్కడా చూడలేదు. ఆ రోజునుంచి ఆవిడ అతనికి దొర్సాని అయిపోయింది.

ఎండకూ ఏసీకీ మధ్య ఆ ఇంట్లో కర్రసామాను అంతా నెర్రెలిచ్చేది, కాబట్టి సదానందానికి అక్కడ తరచూ పని తగిలేది. వచ్చినప్పుడల్లా దొర్సాని చేదు మందులాంటి కాఫీ చిన్న కప్పులో ఇచ్చేది. అందులో అతను చక్కెర గుమ్మరించుకుంటుంటే కళ్ళు మూసుకునేది, చూడలేక. సాయంత్రం వరండాలో ఆవిడ కుర్చీని నీడలోకి జరిపి "కూసో దొర్సాని" అనేవాడు. ఆవిడకు ఆ మాట నచ్చింది. నాలుగైదుసార్లు విన్నాక తనూ అతనికి స్టూలు చూపించి, బోసినోటితో "కూసో" అనడం మొదలుపెట్టింది. స్టూలు మీద అంచుకు కూర్చుని, తాగలేని కాఫీ తాగుతూ, ఆవిడ ఇటాలియన్లో ఏదో చెబుతుంటే "ఔ, ఔ" అనేవాడు. వాళ్ళిద్దరికీ అంత మాట చాలు. మూడేళ్ళుగా క్యాంపులో మంచం, సైటులో పని తప్ప వేరే ఎరగని మనిషికి ఆ వరండా ఒక ఇల్లులా ఉండేది.

ఇరాక్ సేన కువైట్‌లోకి దిగిన కొన్నాళ్ళకు కుర్చీ కాలు వదులైంది. ఇంజనీరు దాన్ని బాగుచెయ్యమని సదానందాన్ని పిలిపించాడు. దొర్సాని దగ్గరుండి చూసింది. అతను కాలు ఊడదీసి, పాత జిగురు గీకి, కొత్త చీలిక పెట్టి బిగించాడు. జిగురు ఆరాలి గనక మర్నాడు వస్తానని సైగ చేసి వెళ్ళాడు. మర్నాడు వచ్చేసరికి దొర్సాని లోపలి గదిలో ఉంది. హాల్లో ఎవరూ లేరు.

ఇక్కడ సదానందం చేసిన తప్పు వడ్రంగి తప్ప మరొకడు చెయ్యడు. కుర్చీ చేసినా, బాగుచేసినా, అప్పగించే ముందు పనిచేసినవాడు అందులో ఒకసారి కూర్చోవాలి. వెనక్కి వాలాలి, పక్కలకు ఊగాలి. ఎక్కడైనా కిర్రుమంటే పని ఇంకా మిగిలి ఉన్నట్టే. అది తండ్రి నేర్పిన పద్ధతి. అతని చేతులకు, నడుముకు అది ఎంత అలవాటంటే, ఆ కుర్చీ ఎవరిదో, ఎన్నేళ్ళుగా ఖాళీగా ఉందో ఆ క్షణంలో తలలోకి రానే లేదు. తిప్పాడు, కూర్చున్నాడు, వెనక్కి వాలాడు. కిర్రుమనలేదు. తన పనికి తనే మురిసి కళ్ళు మూసుకున్నాడు.

తెరిచేసరికి గుమ్మంలో దొర్సాని.

చేతికర్ర ఆవిడ చేతిలోంచి జారి కింద పడింది. ఆవిడ నోటిమీద చెయ్యి పెట్టుకుంది. కళ్ళలోంచి నీళ్ళు బొటబొటా కారాయి. సదానందం నిప్పు తొక్కినట్టు లేచాడు. కుర్చీని గోడకు తిప్పాడు, సంచీ మరిచిపోయి బయటికి పరుగెత్తాడు. వెనకనుంచి ఆవిడ ఏదో పిలుస్తూనే ఉంది. అతను ఆగలేదు.

అతని పరుగు ఆ ఇంటి గుమ్మంనుంచి మొదలైంది కాదు. ఎన్నో ఏళ్ళ కిందట, పెళ్ళయిన కొత్తలో, తండ్రితో కలిసి గడిలో దొర కూతురి పెళ్ళికి కుర్చీలు చేశాడు. పని ముగిశాక తండ్రి తన పద్ధతి ప్రకారం ఒక్కో కుర్చీలో కూర్చుని చూస్తున్నాడు. దొర బయటికి వచ్చాడు. చేసినంత మాత్రాన కూర్చునే అర్హత రాదన్నాడు. ఆ కుర్చీని తండ్రి నెత్తిన పెట్టించి, పొద్దుగూకేదాకా ఎండలో గడి ముందు నిలబెట్టాడు. కొడుకు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు, ఏమీ చెయ్యలేక. ఆ తర్వాత తండ్రి చాలా కుర్చీలు చేశాడు. అన్నింటినీ చేత్తో నొక్కి చూసి ఇచ్చేవాడు. చనిపోయేదాకా మళ్ళీ ఏ కుర్చీలోనూ కూర్చోలేదు.

ఆ సాయంత్రం దిలావర్ సంచీ పట్టుకుని క్యాంపుకు వచ్చాడు. సదానందం మంచం మీద ముడుచుకుని ఉన్నాడు.

"ఏమైందప్పా? ముసలామె ఒకటే ఏడ్చాండాది."

"కూసున్న భాయ్. దాంట్ల కూసున్న. రెండునూర్ల ఏండ్ల సంది ఎవ్వలు కూసోనిది నేను అంటు జేసిన. రేపో మాపో వీసా ఇచ్చిన కఫీల్‌కు చెప్పి, ఎగ్జిట్ కొట్టిచ్చి ఇంటికి తోలిస్తరు." మోకాళ్ళు ఇంకా దగ్గరికి లాక్కున్నాడు. "ఎగ్జిట్ అయితే అయింది. గామె ఏడ్సింది సూడు, గది నాకు తట్టుకునుడైతలేదు."

దిలావర్ మంచి మనసున్నవాడు. మంచి మనసున్నవాళ్ళు చేసే పనే అతనూ చేశాడు, అబద్ధం చెప్పాడు. దొర్సాని కార్పెంటర్ ఏడని అడిగినప్పుడల్లా జుబైల్ ఫ్యాక్టరీలో షట్‌డౌన్ పనికి వెళ్ళాడనేవాడు. ఆ ఇంటి పనికి హన్మాండ్లు అనే మరో వడ్రంగి వెళ్ళసాగాడు. ఎగ్జిట్ ఈ వారం వస్తుందేమో, వచ్చేవారం వస్తుందేమో అని సదానందం ఎదురుచూశాడు. రాలేదు. రాకపోవడం ఇంకా బాధగా ఉండేది.

చలికాలంలో యుద్ధం మొదలైంది. క్షిపణులు పడతాయని, విషవాయువు వస్తుందని కాంపౌండులో సగం ఇళ్ళు ఖాళీ అయ్యాయి. ఇంజనీరుకు ప్లాంటు వదలడానికి వీల్లేదు. తల్లిని పంపించేస్తానంటే ఆవిడ ఒప్పుకోలేదు. తలుపులు మూసుకుని బతకడం తనకు పుట్టినప్పుడే నేర్పారు అందట. హన్మాండ్లు భయపడి దేశానికి వెళ్ళిపోయాడు. ప్రతి ఇంట్లో ఒక గదికి కిటికీలు, తలుపులు ప్లాస్టిక్ పట్టాలు కప్పి టేపు అంటించాలని హుకుం వచ్చింది. ఫోర్‌మన్ సదానందానికి కొన్ని ఇళ్ళు అప్పజెప్పాడు. అందులో ఆ ఇల్లుంది. తప్పించుకునే దారి లేదు.

పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ అయిన కాసేపటికి తల దించుకుని లోపలికి వెళ్ళాడు. దొర్సాని తన పడకగదిలో మంచం మీద కూర్చుని ఉంది. అతన్ని చూసి లేవబోయింది. అతను మాత్రం కిటికీ తప్ప ఏమీ చూడకుండా నిచ్చెన ఎక్కాడు. ఆ గదిలోకే కుర్చీని కూడా తెచ్చి పెట్టించుకుంది ఆవిడ, గోడవైపే. కిటికీకి ఆఖరి అంచు అంటిస్తుండగా సైరన్ మోగింది.

ఇక బయటికి పోవడం కుదరదు. దొర్సాని లేచి తలుపు మూసి, టేపు చూపించింది. సదానందం గబగబా తలుపు అంచులన్నీ లోపలినుంచి అంటించాడు. అంటించి గోడవారగా కింద కూర్చుని తువ్వాల ముఖానికి చుట్టుకున్నాడు. క్యాంపులో విషవాయువును ఆపే ముసుగులు ఇంకా పంచలేదు. దొర్సానికి మాత్రం కంపెనీ ఇచ్చిన ముసుగు ఉంది. ఆవిడ దాన్ని చేతిలోకి తీసుకుంది, అతని తువ్వాలను చూసింది, ముసుగును మంచం మీద పక్కకు పెట్టేసింది.

"పెట్టుకో దొర్సాని. నాకేం గాదు," అన్నాడు. ఆవిడ వినిపించుకోలేదు. అతన్ని చూసి, గోడవైపు ఉన్న కుర్చీని చూసి, "కూసో," అంది.

"నేనీడ్నే మంచిగున్న."

అప్పుడు పైన ఎక్కడో పేలింది. ఇల్లంతా అదిరింది. అల్మారాలో గాజుసామాను గలగలమంది. "ఎములాడ రాజన్నా" అని సదానందం మోకాళ్ళలో తల దాచుకున్నాడు. తల ఎత్తేసరికి దొర్సాని కుర్చీ దగ్గరుంది. రెండు చేతులా పట్టుకుని దాన్ని తిప్పాలని చూస్తోంది. కుర్చీ బరువు, ఆవిడ చేతులు సన్నం. అయినా కొంచెం కొంచెంగా, ఆయాసపడుతూ తిప్పింది. గదిలోకి ముఖం పెట్టింది. "కూసో," అంది మళ్ళీ.

అతను తల అడ్డంగా ఊపాడు. తండ్రి నెత్తిమీది కుర్చీ కళ్ళముందు ఆడుతోంది. దాంట్లో మళ్ళీ కూర్చునే ధైర్యం క్షిపణి మీద పడ్డా రాదనిపించింది.

దొర్సాని ఒక నిమిషం అతన్నే చూసింది. తర్వాత గోడ పట్టుకుని, మోకాళ్ళు వంచి, అతని పక్కన కింద కూర్చోవడానికి ప్రయత్నించింది. పోప్ పుట్టిన ఇంటి ఆడపడుచు నేలమీదికి దిగుతోంది. సదానందం ఎగిరి లేచి పడిపోకుండా పట్టుకున్నాడు. మంచం మీద కూర్చోబెట్టాడు. ఆవిడ అతని మణికట్టు వదల్లేదు. పట్టుకునే లాగి, కుర్చీవైపు నెట్టింది. అతను కూర్చున్నాడు.

అలా మోకాళ్ళకు మోకాళ్ళు తగిలేంత దగ్గరగా ఉన్నారిద్దరూ. ఆవిడ జపమాల తీసి తన భాషలో గొణిగింది. అతను తన రాజన్నను తలుచుకున్నాడు. మధ్యలో ఆవిడ ఆగి అతనికి ఏదో చెప్పింది, చాలాసేపు, మెల్లగా. అతను "ఔ" అన్నాడు. ఇంకో పేలుడు వినిపించింది, ఈసారి దూరంగా. ఆవిడ చెయ్యి అతని చేతిమీదే ఉంది.

ప్రమాదం తప్పిందని సైరన్ మోగాక సదానందం లేచి, అలవాటుగా కుర్చీని గోడకు తిప్పబోయాడు. దొర్సాని కర్రను దాని చేతులకు అడ్డంగా పెట్టింది. కుర్చీ అలాగే ఉండిపోయింది.

మర్నాడు వరండాలో దిలావర్ మధ్యలో కూర్చుని, తనకూ ఆవిడకూ వచ్చిన కాస్త ఇంగ్లీషుతో అటు మాట ఇటు, ఇటు మాట అటు చేరవేశాడు. ముందుగా తన అబద్ధం బయటపడి చీవాట్లు తిన్నాడు. తర్వాత సదానందం వైపు తిరిగి తల గోక్కున్నాడు.

"ఆ రోజు ఈమె కోపంతో ఏడ్చలేదంటప్పా. పుట్టినకాడ్నుంచీ ఆ కుర్చీ వీపే చూసిందంట. వాళ్ళమ్మా అంతే, అవ్వా అంతే. అందరూ ఎదురుచూసి ఎదురుచూసి పోయినారు. దాంట్లో ఒక మనిషి నిమ్మళంగా కళ్ళు మూసుకుని కూర్చోనుంటే చూసి తట్టుకోలేకపోయిందంట. నిన్ను పిలిచిందంట. నువ్వు పరిగెత్తినావు. తప్పు తనదే, భయపెట్టినాను అని ఇన్నాళ్ళూ బాధపడతాండాది."

సదానందం తల ఎత్తి దొర్సాని వైపు చూశాడు.

"నిన్న సైరన్‌లో కూడా ఇదే చెప్పిందంట నీతో. మా వంశం ఇన్నేండ్లు కుర్చీ వేసి కాచుకున్నాము, కష్టంలో తలుపు దాటి వచ్చింది నువ్వు, అందుకే నీకు తిప్పినా అని. నువ్వు ఔ అన్నావంట."

అప్పుడు సదానందం తండ్రి సంగతి చెప్పాడు. ఎప్పుడూ, ఎవరికీ, భార్యకు కూడా పూర్తిగా చెప్పనిది. దిలావర్ దాన్ని ముక్కముక్కగా ఆవిడకు చేరవేశాడు. దొర్సాని చేతికర్ర పిడిని నిమురుతూ చివరిదాకా వింది. మా వాళ్ళు కూడా ఎందరిని అలా నిలబెట్టారో నాకు తెలియదు, నిలబెట్టే ఉంటారు అంది. తర్వాత ఏదో తట్టినట్టు ఆవిడ ముఖం విప్పారింది. గబగబా మాట్లాడింది.

"ఆ కుర్చీ చేసినోడు కూడా మీ నాయన మాదిరే ఒకసారి కూర్చునే ఉంటాడు గదా అంటాండాది," అన్నాడు దిలావర్. "పోప్ కంటే ముందు."

సదానందం ఆలోచించాడు. "కూసోకుంటె ఎట్లిస్తడు?" అన్నాడు. దొర్సాని నవ్వింది, కళ్ళు తుడుచుకుంటూ.

యుద్ధం ముగిసింది. కువైట్‌లో తగలబడే చమురుబావుల పొగ గాలికి కొట్టుకొచ్చి కొన్నాళ్ళు ఆకాశం నల్లగా ఉండి, తర్వాత తేటపడింది. ఎండలు ముదిరేవేళకు ఇంజనీరు ఉద్యోగం చాలించాడు. రోము పక్కన ఒక చిన్న ఫ్లాటు తీసుకున్నాడట. సామాను సర్దడానికి, కుర్చీకి చెక్కపెట్టె చెయ్యడానికి సదానందం వచ్చాడు. రాజుల పల్లకీకి చేసినంత శ్రద్ధగా పెట్టె చేశాడు. లోపల దూది పరిచాడు, మూలలకు మెత్తలు వేశాడు. ఆ పని ఎంత మెల్లగా చేస్తే దొర్సాని అంత మెల్లగా వెళ్తుందన్నట్టు ఒక్కో మేకూ ఆలోచించి కొట్టాడు.

పెట్టె తయారయ్యాక హాలు ఖాళీగా, పెద్దగా కనిపించింది. మధ్యలో ఆ కుర్చీ ఒక్కటే మిగిలింది. ఓడ ఎక్కబోయే సామాను గనక కాలు బిగువు మరొకసారి చూడాలి. సదానందం తువ్వాలతో మఖ్మలు తుడిచి, కూర్చున్నాడు. వెనక్కి వాలాడు, పక్కలకు ఊగాడు. కిర్రుమనలేదు. బంగారు పూత మీద చేతులు ఆనించాడు. నాయినా, గట్టిగున్నది, అనుకున్నాడు లోపల.

గుమ్మంలో చేతికర్ర టక్కుమంది. దొర్సాని వచ్చింది, ప్రయాణపు కోటు వేసుకుని, రెండు చిన్న కప్పుల ట్రే పట్టుకున్న దిలావర్‌తో. సదానందం ఒళ్ళు పాత అలవాటు చొప్పున బిగుసుకుంది, కాళ్ళు లేవబోయాయి. అతను కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు.

లేవలేదు.

దొర్సాని నెమ్మదిగా నడిచివచ్చి అతని పక్కన నిలబడింది. ట్రేలోంచి ఒక కప్పు తీసి, ఈసారి తనే రెండు చెంచాల చక్కెర వేసి కలిపి, అతని చేతికిచ్చింది.